మోరిగన్ కాపలా ఎవరి కోసం: ‘డ్రాగన్ ఏజ్’లో ఒక మంత్రగత్తె తల్లి అయిన తీరు

కథ కోసం కంప్యూటర్ గేములు ఆడేవాళ్లు విశాఖపట్నంలో తక్కువేమీ కాదు. వారిలో ఏ ఇద్దరు కలిసినా, ‘డ్రాగన్ ఏజ్’ ప్రస్తావన వచ్చిందంటే మోరిగన్ గురించి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. మొదట్లో ఎవరినీ దగ్గరకు రానివ్వని మనిషి ప్రేమలో పడి, బిడ్డను కని, పూర్తిగా మారిపోయిందన్నదే ఆ మాట. ఇందులో నిజం లేకపోలేదు. అయితే మూడు వేర్వేరు విషయాలు ఇందులో ఒకే ముడిగా కలిసిపోయాయి. ప్రేమ ఆమెలో కలిగించిన మార్పు వేరు, మాతృత్వం కలిగించిన మార్పు వేరు, ఆ రెండింటినీ చూస్తున్న ఆటగాడు తన ఘనతగా ఊహించుకునే మార్పు వేరు. ఈ ముడి విప్పి చూస్తే మోరిగన్ జాగ్రత్త ఏ దశలోనూ తగ్గలేదనీ, ఆ జాగ్రత్త కోసం ఏ వెల ఎవరు చెల్లించాలన్న ఆమె లెక్క మాత్రం తలకిందులైందనీ నాకు అనిపిస్తుంది.

గేము తెలియని పాఠకుల కోసం కొంత నేపథ్యం చెప్పాలి. కెనడాలోని ఎడ్మంటన్‌కు చెందిన బయోవేర్ సంస్థ 2009 నవంబరులో ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ను విడుదల చేసింది. ఫెరెల్డెన్ అనే రాజ్యం మీదికి భూగర్భం నుంచి డార్క్‌స్పాన్ అనే వికృత సేన దండెత్తి వస్తుంది. ఒకప్పుడు దేవతగా పూజలందుకుని, ఇప్పుడు చెడిపోయి ఆర్చ్‌డీమన్‌గా మారిన ఒక డ్రాగన్ ఆ సేనను నడిపిస్తుంది. దానిని శాశ్వతంగా అంతం చేయగలిగినవారు గ్రే వార్డెన్లు అనే యోధులు మాత్రమే. ఆటగాడి పాత్ర వారిలో ఒకరు, కథలో అతణ్ని వార్డెన్ అంటారు. ఆస్టగార్ యుద్ధంలో ఓటమి తరువాత అతని ప్రాణం కాపాడినది కోర్కారి అడవుల్లో ఉండే ఫ్లెమెత్ అనే మంత్రగత్తె. తన కూతురు మోరిగన్‌ను అతని వెంట పంపేదీ ఆమే. డేవిడ్ గైడర్ రాసిన మోరిగన్ పాత్రకు క్లాడియా బ్లాక్ గొంతు ఇచ్చారు. మాటల్లోని ఆ ఎత్తిపొడుపూ, దాని కిందే దాగిన బెరుకూ ఆ గొంతు వల్లే అంత స్పష్టంగా మనకు చేరాయి.

మోరిగన్ స్వభావం ఆమె మాటలకంటే ముందు ఆమె నిలబడే చోటులోనే తెలిసిపోతుంది. ప్రయాణంలో రాత్రిపూట బృందమంతా దిగే క్యాంపులో మిగిలినవారు ఒక మంట చుట్టూ చేరి ఉంటారు. మోరిగన్ మాత్రం అల్లంత దూరాన, వేరే గుడారం వేసుకుని, తనకంటూ వేరే మంట రాజేసుకుని ఉంటుంది. ఆమెతో మాట్లాడాలంటే ఆటగాడే అక్కడి దాకా నడిచి వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ, ఇతరుల మంటను వదిలి ఈమె మంట దగ్గరికి వచ్చామన్న స్పృహ కలుగుతుంది. ఒక్క సంభాషణ కూడా రాయకుండా ఒక మనిషి ఒంటరితనాన్ని చెప్పగలిగిన ఇలాంటి ఏర్పాటు గేములకు మాత్రమే సాధ్యం. దీన్ని గమనించకుండా దాటిపోయేవారు చాలామంది ఉంటారు గనుక ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఈ దూరానికి కారణం ఆమె బాల్యంలో ఉంది. ఆమె తనంతట తాను చెప్పే జ్ఞాపకాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఒక బంగారు చేతి అద్దం గురించినది. పసితనంలో అడవి అంచు దాకా వెళ్లిన మోరిగన్, బండిలో ప్రయాణిస్తున్న ఒక సంపన్న స్త్రీని చూసి, ఆమె నగలకూ వస్త్రాలకూ ముగ్ధురాలై, రత్నాలు పొదిగిన ఒక అద్దాన్ని దొంగిలించి ఇంటికి తెస్తుంది. కూతురు అలా పల్లెవాసుల కంటపడే ప్రమాదం కొనితెచ్చుకున్నందుకు ఫ్లెమెత్ మండిపడి, ఆ అద్దాన్ని నేలకేసి కొట్టి ముక్కలు చేస్తుంది. అందమూ ప్రేమా నిలిచేవి కావు, వాటికి అర్థం లేదు, బతికి ఉండటానికే అర్థం ఉంది, శక్తికే అర్థం ఉంది అని అప్పుడు తల్లి నేర్పిన పాఠం. పెద్దయిన మోరిగన్ ఈ సంఘటన చెప్పేటప్పుడు తల్లి చేసింది సరైన పనేనంటుంది. కానీ ఆ అద్దం పగిలినప్పుడు తన మనసు ఎలా విరిగిందో ఆమెకు ఇంకా గుర్తుంది. ఆ రెండూ ఒకే నోట వినిపించడమే ఆ పాత్ర మొత్తానికీ తాళంచెవి.

తరువాత ఫ్లెమెత్ మంత్రగ్రంథం ఒకటి ఆటగాడి ద్వారా ఆమె చేతికి వస్తే, తల్లి శతాబ్దాల తరబడి ఎలా బతుకుతూ వచ్చిందో ఆ పుటల్లో ఆమె చదువుకుంటుంది. ముసలితనం ముంచుకొచ్చినప్పుడల్లా ఫ్లెమెత్ తాను పెంచిన కూతురి శరీరంలోకి ప్రవేశిస్తుందనీ, ఈసారి వంతు తనదేననీ మోరిగన్‌కు అర్థమవుతుంది. తనకు నేర్పిన విద్యలన్నీ, తనను కాచిన కాపలా అంతా రేపు తొడుక్కోబోయే దేహం మీద పెట్టిన ఖర్చేనన్నమాట. ఇలాంటి పెంపకం నుంచి వచ్చిన మనిషి ఎవరినీ నమ్మకపోవడంలో వింతేమీ లేదు.

ఇక ప్రేమ దగ్గరికి వద్దాం. ఈ గేములో ప్రతి సహచరుడికీ ఆటగాడి పట్ల ఉన్న అభిమానాన్ని మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా ఉండే ఒక కొలమానం మీద లెక్కిస్తారు. రెడ్‌క్లిఫ్ ఊరివాళ్లను ఆదుకుంటామని మాట ఇస్తే మోరిగన్ దగ్గర అంకె తగ్గుతుంది, నచ్చిన కానుక ఇస్తే పెరుగుతుంది. ఈ ఏర్పాటు వల్ల ఆటగాడికి ఒక భ్రమ కలుగుతుంది. అంకె పెరిగిందంటే ఆమె కరిగిందనీ, కరిగించింది తానేననీ అనుకుంటాడు. నిజానికి ప్రేమకథ ముదిరేకొద్దీ జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. తొలి రోజుల్లో వార్డెన్ గుడారానికి రావడానికి ఆమెకు ఏ సంకోచమూ ఉండదు, ఎందుకంటే అప్పటికి అందులో ఆమె పోగొట్టుకునేదేమీ లేదు. అంకె చివరి మెట్టుకు చేరి, ఆమె నిజంగా ప్రేమలో పడిన తరువాతే వెనక్కి తగ్గుతుంది, రావడం మానేస్తుంది, ప్రేమ బలహీనత అనీ దీన్ని ఇక్కడితో ఆపేద్దామనీ అంటుంది. అంటే ప్రేమ ఆమె జాగ్రత్తను సడలించలేదు, ఆ జాగ్రత్తకు తొలిసారిగా నిజమైన కారణం చూపింది. చాలామంది ఈ ఘట్టాన్ని ప్రేమకు అడ్డంకి అనుకుని, ఎలా దాటాలా అని ఆలోచిస్తారు. నా దృష్టిలో ఆమె ప్రేమకు ఇంతకంటే నమ్మదగిన రుజువు ఆ గేములో లేదు.

ఈ దశలోనే బంగారు అద్దం మళ్లీ వస్తుంది. ఒర్జమార్ అనే మరుగుజ్జుల నగరంలో అలాంటి అద్దమే ఒకటి కొని ఆమెకు ఇవ్వవచ్చు. అది చూసి ఆమె మొదట నిర్ఘాంతపోతుంది, వెంటనే దీనికి బదులుగా ఏం కావాలని అడుగుతుంది. ఏమీ అక్కర్లేదని చెప్తే, వెల లేని కానుక తనకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదంటుంది. ప్రేమ ఆమెకు చేసిన మేలు ఇక్కడ ఉంది. ప్రతిదానికీ ఒక వెల ఉంటుందన్న తల్లి సూత్రానికి ఒక మినహాయింపు ఉండవచ్చునని ఆమె కళ్లతో చూసింది. కానీ చూడటం వేరు, దాని ప్రకారం బతకడం వేరు. అందుకు ఆమెకు ఇంకా పదేళ్లు పట్టింది.

అసలు చిక్కుముడి బిడ్డ విషయంలో ఉంది. ఆర్చ్‌డీమన్‌ను చంపిన వార్డెన్‌లోకి దాని ఆత్మ ప్రవేశించి, ఇద్దరూ అక్కడికక్కడే నశిస్తారు. తుది యుద్ధానికి ముందు రాత్రి మోరిగన్ ఒక ఉపాయం చెప్తుంది. వార్డెన్లలో ఒకరి ద్వారా ఆమె గర్భం ధరిస్తే, ఆర్చ్‌డీమన్ చనిపోయిన క్షణాన ఆ పాత దేవత ఆత్మ కల్మషం వదిలించుకుని పుట్టబోయే శిశువులో చేరుతుంది, వార్డెన్ బతుకుతాడు. ఆటగాడి పాత్ర పురుషుడైతే అతనే తండ్రి కావచ్చు, లేదంటే సహచరుడు అలిస్టర్ గానీ, కథ నడిచిన తీరును బట్టి లోగెయిన్ గానీ తండ్రి అవుతారు. ఈ పని మీదే ఫ్లెమెత్ తనను మొదటి నుంచీ ఈ బృందంతో పంపిందని మోరిగన్ అప్పుడు ఒప్పుకుంటుంది. ప్రతిగా ఆమె కోరేది ఒక్కటే, తన వెంట ఎవరూ రాకూడదు.

కాబట్టి ఈ బిడ్డ ప్రేమఫలంగా మొదలవలేదు. అమ్మమ్మ వేసిన పథకంగా, తల్లి కుదుర్చుకున్న బేరంగా, ఒక దైవశక్తిని మోసే దేహంగా మొదలయ్యాడు. దేవతల అంశతో పుట్టిన బిడ్డ కథ మనకు కొత్త కాదు. మంత్రం ఫలిస్తుందో లేదో చూద్దామన్న కుతూహలంతో సూర్యుణ్ని పిలిచి, కర్ణుణ్ని కని, లోకానికి వెరచి పెట్టెలో పెట్టి నదిలో విడిచిన కుంతి బాధ తెలుగువారికి పసితనం నుంచీ తెలుసు. కుంతికి బిడ్డ మీద మమకారం ఉంది, ఉంచుకునే ధైర్యం లేకపోయింది. మోరిగన్‌ది దీనికి తిరగేసిన పరిస్థితి. బిడ్డను ఉంచుకోవాలన్న పట్టుదల ముందు నుంచీ ఉంది, మమకారం ఉందో లేదో ఆమెకే తెలియదు. ఆటగాడు ఆ రాత్రి నమ్మి అప్పగించేది, రేపు ఆ బిడ్డను ఆమె ఏం చేస్తుందో తెలియని ఒక స్త్రీకి. అంతవరకూ ఆమెకు తెలిసిన ఏకైక తల్లి, కూతుళ్లను దేహాలుగా వాడుకున్న ఫ్లెమెత్.

2010లో వచ్చిన ‘విచ్ హంట్’ అనే అనుబంధ కథలో ఆమె కొద్దిసేపే కనిపిస్తుంది. ఎలూవియన్ అనే మాయాదర్పణం ముందు నిలబడి, ఒక్క అడుగు ముందుకు వేసినా వెళ్లిపోతానని హెచ్చరిస్తుంది. బిడ్డ క్షేమంగా ఉన్నాడనీ, ఏ పాపమూ ఎరుగడనీ మాత్రం చెప్తుంది. ఆమెను ప్రేమించిన వార్డెన్ కోరితే అతణ్ని తనతో ఆ దర్పణం ఆవలికి రానిస్తుంది. ఎవరూ నా వెంట రావద్దన్న బేరాన్ని ఆమె తానే సడలించుకున్న తొలి సందర్భం ఇదే.

మార్పు పూర్తి రూపం 2014 నవంబరులో వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్’లో కనిపిస్తుంది. కథాకాలంలో సుమారు పదేళ్లు గడిచాయి. మోరిగన్ ఇప్పుడు ఓర్లే సామ్రాజ్ఞి సెలీన్ కొలువులో మంత్రవిద్యా సలహాదారు. అక్కడి నుంచి ఇన్‌క్విజిషన్ సేనకు సాయంగా స్కైహోల్డ్ కోటకు వస్తుంది. ముందు గేములో ఆ రాత్రి తీసుకున్న నిర్ణయాన్ని బట్టి ఆమె వెంట కీరన్ అనే పిల్లవాడు ఉంటాడు. మొదటిసారి అతణ్ని చూసినప్పుడు ఆశ్చర్యపరిచేది అతనిలోని దైవాంశ కాదు, అతడు ఎంత మామూలుగా పెరుగుతున్నాడన్నదే. కోట తోటలో తిరుగుతుంటాడు, కొత్తవారిని నేరుగా పలకరిస్తాడు, చదువు సంగతి తల్లి గుర్తు చేస్తే వెళ్లి చదువుకుంటాడు. అడవిలో మనుషుల కంటపడటమే నేరంగా పెరిగిన స్త్రీ, తన కొడుకును నలుగురి మధ్య పెంచుతోంది. గోడలూ జనమూ అంటే ఏవగించుకున్న మోరిగన్ రాజుల కొలువుల్లో ఎందుకు ఉంటోందన్న ప్రశ్నకు గేము ఇచ్చే జవాబుల్లో ఈ పిల్లవాడి చదువు కూడా ఒకటని నేను అనుకుంటాను.

కీరన్‌లో పాత దేవత ఆత్మ ఉన్న కథలో ఒక ఘట్టం వస్తుంది. దాని దగ్గర కొంతసేపు ఆగడం అవసరం. ఒకనాడు పిల్లవాడు స్కైహోల్డ్‌లోని ఎలూవియన్‌ను తానే తెరిచి లోపలికి వెళ్లిపోతాడు. విషయం తెలిసిన మోరిగన్ కంగారుపడి వెనకే పరుగెడుతుంది. ఇన్నేళ్లలో ఆమె గొంతు వణకడం మనం వినేది అప్పుడే. దర్పణం ఆవల ఫేడ్ అనే స్వప్నలోకంలో కీరన్ తన అమ్మమ్మ ఎదుట నిలబడి ఉంటాడు. ఫ్లెమెత్‌లో ఉన్నది మిథాల్ అనే ప్రాచీన దేవత అని, ఎల్ఫ్ జాతివారు సర్వజనులకూ తల్లిగా కొలిచిన శక్తి ఆమేనని ఇప్పుడు తెలుస్తుంది. తన పథకం ప్రకారం పుట్టిన బిడ్డలోని పాత దేవత ఆత్మను తీసుకోవడానికి ఆమె వచ్చింది.

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి ఎదుట పసిబిడ్డను ఉంచి, ఇక నువ్వే చూసుకో తల్లీ అని మొక్కే అమ్మలను చూసిన విశాఖవాసులకు ఈ దృశ్యం మరీ గట్టిగా తగులుతుంది. అక్కడ బిడ్డను దేవత ఎదుట ఉంచడం కంటే పెద్ద రక్షణ లేదన్న నమ్మకం ఉంది. ఇక్కడ దేవతా ఆమే, అమ్మమ్మా ఆమే, బిడ్డకు ముప్పూ ఆమే. తల్లి వారిద్దరి మధ్యా నిలబడాలి. మోరిగన్ చేసేదేమిటంటే, తన జీవితమంతా దేని నుంచి పారిపోయిందో దాన్నే తన నోటితో అడుగుతుంది. కావాలంటే ఇప్పుడే నా శరీరం తీసుకో, వాణ్ని వదిలెయ్ అంటుంది. నువ్వు నాకు ఎలాంటి తల్లివయ్యావో నేను వాడికి అలాంటి తల్లిని కానంటుంది. మంత్రగ్రంథం చదివిన రోజున ఆ గతి తప్పించుకోవడానికి తల్లిని చంపమని వార్డెన్‌ను కోరిన మనిషే ఈ మాట అంటోందని గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు తన రక్షణకు వెల ఇతరులు చెల్లించాలి, ఇప్పుడు కొడుకు రక్షణకు వెల తాను చెల్లిస్తానంటోంది. నేను మొదట్లో లెక్క తలకిందులైందన్నది దీని గురించే.

దీనికి ఫ్లెమెత్ ఇచ్చే జవాబు మరో ముడి వేస్తుంది. ఇష్టపడనివారి మీద ఆత్మను బలవంతంగా రుద్దడం కుదరదని, నా వల్ల నీకు ఎన్నడూ ప్రమాదం లేదని ఆమె అంటుంది. అంటే మోరిగన్ పదేళ్ల భయమంతా అబద్ధమా? కొందరు అలాగే తేల్చేసి, ఫ్లెమెత్ నిజానికి మంచి తల్లి అంటారు. నేను ఒప్పుకోలేను. ఆ మాటలో నిజం ఉన్నా, కూతురికి ఆ నిజం చెప్పకుండా భయంతోనే పెంచింది ఎవరు? ప్రేమకు అర్థం లేదని అద్దం పగలగొట్టి నేర్పింది ఎవరు? ఆమె నుంచి ప్రమాదం లేకపోవచ్చు, గాయం మాత్రం ఉంది. ఈ జవాబు వల్ల మరో విషయం కూడా బయటపడుతుంది. మోరిగన్ చేసిన త్యాగం ఫ్లెమెత్‌కు అక్కర్లేదు, ఆమె కీరన్‌లోని ఆత్మను మాత్రమే తీసుకుని అతణ్ని వదిలేస్తుంది. ఫలితం పరంగా ఆ త్యాగం వృథా. కానీ అది ఎవరికీ అక్కరకు రాలేదు గనుకే, అది బేరం కాదని మనకు తెలుస్తుంది. వెల లేని కానుక ఎలా ఉంటుందో ఒకసారి చూసిన మనిషి, ఇప్పుడు దాన్ని తానే ఇచ్చింది.

ఎంవీపీ కాలనీలో ఉండే నా మిత్రురాలు ఒకావిడ, చిన్న కొడుకు నిద్రపోయాక రాత్రిపూట ఈ గేములు ఆడే మనిషి, మోరిగన్ మెత్తబడిందన్న మాటను అస్సలు ఒప్పుకోదు. "మెత్తబడిందని ఎలా అంటారండీ? అప్పుడు తన కోసం భయపడేది, ఇప్పుడు వాడి కోసం భయపడతంది. భయం తగ్గిందా ఏటి?" అని అడిగింది. ఆమె మాటలో చాలా బలం ఉంది. స్కైహోల్డ్‌లో కూడా మోరిగన్ నాలుక పదును అలాగే ఉంది, రహస్యాలు అలాగే దాస్తుంది, మిథాల్ ఆలయంలో ప్రాచీన జ్ఞానం దాచుకున్న దుఃఖాల బావి దగ్గర నిలబడి ఆ జ్ఞానం నాకే దక్కాలని అలాగే పట్టుబడుతుంది. మాతృత్వం ఆమెను సాధువుగా మార్చలేదు. కొడుకు ఉన్నా లేకున్నా ఆమె ఆశయాలు ఆమెవే. స్త్రీ పాత్ర కరకుగా ఉంటే ఒక బిడ్డను ఇచ్చి సరిచేయడం కథలు చెప్పేవారికి పాత అలవాటు. ఈ కథ ఆ గోతిలో పడకుండా బయటపడిందంటే, మోరిగన్ తెలివినీ ఆకలినీ ఆమెకే ఉంచినందువల్ల.

ఆటగాళ్ల నిర్ణయాలను బట్టి కథ మారుతుంది గనుక, ఒక్క మోరిగన్ లేదన్న అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైనదే. యుద్ధానికి ముందు రాత్రి మోరిగన్ చెప్పిన ఆ క్రతువు జరగకపోయినా, ఆమెను ప్రేమించిన వార్డెన్ వల్ల కీరన్ మామూలు బిడ్డగా పుట్టే కథ ఒకటి ఉంది. అసలు బిడ్డే లేని కథా ఉంది. బిడ్డ లేని కథలో ఆమె ఫ్లెమెత్‌ను ఎదుర్కొన్నప్పుడు కూతురిగా మాత్రమే ఎదుర్కొంటుంది. ఆ కోపం నిజమే, కానీ అందులో పాత గాయమే తప్ప మరొకరి కోసం తెగింపు కనిపించదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మామూలు కీరన్ ఉన్న కథ. అందులో పిల్లవాడికి ఏ శక్తీ లేదు, ఏ పథకానికీ పనికిరాడు, అతణ్ని పెంచడం వల్ల మోరిగన్‌కు ఒరిగేది శూన్యం. అయినా అదే తోటలో, అదే చదువుతో, అదే శ్రద్ధతో పెరుగుతాడు. బిడ్డ మీద ఆమె ప్రేమ ఆ దైవాంశ మీద ఆశ కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇన్ని దారుల్లోనూ ఈ పెంపకం జరిగిన పదేళ్లను గేము మనకు చూపదు. ఏ అంకె పెంచీ, ఏ కానుక ఇచ్చీ ఆటగాడు ఆ మార్పును సంపాదించలేడు. జ్వరం వచ్చిన రాత్రులు, తొలి మాటలు, తొలి అబద్ధాలు, అన్నీ మనం లేనప్పుడే జరిగిపోయాయి.

2024 అక్టోబరు 31న వచ్చిన ‘డ్రాగన్ ఏజ్: ద వేల్‌గార్డ్’లో మోరిగన్ మళ్లీ కనిపిస్తుంది. ఇప్పుడు ఆమెలో మిథాల్ అంశ ఉంది. ఒకనాడు తప్పించుకోజూసిన తల్లి జ్ఞాపకాలను ఆమె తానే మోస్తోంది. పాత గేముల్లోని నిర్ణయాల్లో అతి కొద్దింటినే ఈ గేము లెక్కలోకి తీసుకుంది గనుక కీరన్ ఇందులో కనిపించడు. ఒక్కో ఆటగాడి కథలో అతడు ఉన్నాడో లేడో తెలియనప్పుడు అతణ్ని చూపడం కష్టమన్నది అర్థం చేసుకోదగినదే. అయినా ఈ మౌనం నాకు కష్టంగా ఉంది. తన కొడుకు కోసం తల్లిని తనలోకి రమ్మని పిలిచిన స్త్రీ, చివరికి నిజంగానే తల్లి అంశను తనలో మోస్తూ ఉంటే, ఆ కొడుకు అప్పటికి ఇరవై ఏళ్లు దాటిన యువకుడై ఉండాలి. అమ్మ గొంతులో అమ్మమ్మ మాటలు అతనికి ఎలా వినిపించాయో అడగాల్సిన గేము, ఆ ప్రశ్న అడగకుండానే ముగిసింది.